పడవ కొనేముందు సర్వేయర్‌కి ఇచ్చిన డబ్బు: అనాపొలిస్‌లో మా అనుభవం, ఖర్చులు, రేటింగ్

సెయిల్‌బోట్ కొనుక్కుని, పిల్లలతో సహా మకాం అందులోకే మార్చి, అమెరికా తూర్పు తీరంలోని చెసాపీక్ బే నుంచి మెల్లగా బహామాస్ వైపు వెళ్ళాలని మా ప్లాన్. ఇప్పటిదాకా అయిన ఖర్చులన్నిట్లోకీ ఏది సార్థకమైంది అని అడిగితే తడుముకోకుండా సర్వేయర్‌కి, అంటే కొనేముందు పడవని పరీక్షించి లోపాలు రాసిచ్చే మనిషికి, ఇచ్చిన డబ్బు పేరే చెప్తాను. మన తెలుగువాళ్ళలో ఇటు వచ్చేవాళ్ళు తక్కువ, ఈ సర్వీసు గురించి తెలుగులో వివరంగా రాసిన మనిషి నాకు కనబడలేదు, అందుకే కాస్త పొడుగైనా పూర్తిగా రాస్తున్నాను. ఆ సర్వేయర్ ఒక్కరే నడుపుకునే చిన్న పని అది, చెసాపీక్ చుట్టుపక్కలే తిరుగుతారు, మీలో చాలామందికి ఆయన పేరుతో పనిలేదు. ఆ పని ఎలా ఉంటుంది, ఎంత అవుతుంది, ఏం తేలుతుంది అన్నదే మీకు పనికొస్తుంది.

మేం ఉండేది నార్తర్న్ వర్జీనియాలో. నేను, మా ఆయన, పదకొండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప. పడవ ఆ బే ఒడ్డున ఉన్న అనాపొలిస్‌లో దొరికింది: 2006లో తయారైన 41 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ, మూడు కేబిన్లు, అడిగిన ధర 1,18,000 డాలర్లు. ఇక్కడి పద్ధతి ఏంటంటే ముందు ధర మాట్లాడుకుని కాంట్రాక్టు రాసుకుంటాం, పది శాతం అడ్వాన్సు బ్రోకర్ దగ్గర పెడతాం, సర్వే నచ్చకపోతే వెనక్కి తీసుకునే హక్కు మనకుంటుంది. సర్వే ఖర్చు మాత్రం కొనేవాళ్ళదే. పడవ కొన్నా మానేసినా ఆ డబ్బు తిరిగి రాదు.

మొట్టమొదట తెలుసుకోవాల్సింది, అమెరికాలో పడవ సర్వేయర్‌కి ప్రభుత్వ లైసెన్సు అంటూ ఏదీ అక్కర్లేదు. ఎవరైనా కార్డు కొట్టించుకుని సర్వేయర్ని అనొచ్చు. అందుకని సామ్స్ లేదా నామ్స్ అనే రెండు సంఘాల్లో గుర్తింపు ఉన్నవాళ్ళనే చూసుకోవాలి, చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా వాళ్ళ రిపోర్టే అడుగుతాయి. పడవ తయారీకి ప్రమాణాలు రాసే ఏబీవైసీ ఆఫీసు అనాపొలిస్‌లోనే ఉంది, రిపోర్టులో ప్రతి రెండో లైన్లోనూ ఆ పేరు వస్తుంది. బ్రోకర్ ఇచ్చిన లిస్టులో పేర్లు మేం తీసుకోలేదు. వాళ్ళంతా చెడ్డవాళ్ళని కాదు, అమ్మకం జరిగితేనే బ్రోకర్‌కి డబ్బు, ఆ బ్రోకరే పదేపదే పని ఇప్పించే మనిషి మన పక్షాన గట్టిగా మాట్లాడతాడని ఎలా అనుకుంటాం. పాత రిపోర్టు ఒకటి పేర్లు తీసేసి పంపమని ముగ్గుర్ని అడిగాం. ఒకరి రిపోర్టు మొత్తం టిక్కు మార్కులే. ఇంకొకరు అసలు పంపలేదు. మూడో ఆయన పంపిన దాంట్లో ప్రతి లోపానికీ ఫోటో, అది ఎందుకు లోపమో రెండు వాక్యాలు ఉన్నాయి. ఆయన్నే పెట్టుకున్నాం.

ఆయన ఫీజు పడవ పొడవుని బట్టి, అడుగుకి 28 డాలర్లు, అంటే 1,148. పడవని పైకెత్తి, కింది భాగం కడిగి, మళ్ళీ నీళ్ళలో దించడానికి బోట్‌యార్డ్‌కి విడిగా ఇంకో 450 అయింది. ఇంజన్ ఆయిల్ ల్యాబ్‌కి పంపడానికి 40. మాస్ట్, అంటే తెరచాప స్తంభం, ఎక్కి దాన్ని నిలబెట్టే స్టీల్ వైర్లు చూడడం సర్వేలో రాదు, దానికి రిగ్గర్‌ని, అంటే ఆ పని తెలిసిన మనిషిని, వేరే పెట్టుకోవాలి, 350. అన్నీ కలిపి రెండువేల డాలర్ల దరిదాపు.

ఆ రోజు మేం అందరం వెళ్ళాం, ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్న మా అత్తయ్యగారితో సహా. కొందరు సర్వేయర్లు కొనేవాళ్ళు పక్కన ఉంటే విసుక్కుంటారట, ఈయన మాత్రం రండి, కళ్ళతో చూస్తే రిపోర్టు అర్థమవుతుంది అన్నారు. ట్రావెల్ లిఫ్ట్ అని చక్రాల మీద నడిచే పెద్ద క్రేన్, రెండు వెడల్పాటి పట్టీలతో పడవని నీళ్ళలోంచి లేపుతుంది. కింద కీల్, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క, పడవకి అతుక్కున్న చోట పగులు ఉందా అని టార్చ్ వేసి చుట్టూ చూశారు, చుక్కానిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపారు, ప్రొపెల్లర్ షాఫ్టుని ఎత్తి చూశారు. తర్వాత చిన్న సుత్తి తీసి అడుగంతా కొడుతూ నడిచారు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలాగే: ఖణేల్‌మంటే గట్టిది, బొదబొదమంటే లోపల ఏదో ఉంది. అడుగు భాగం మొత్తం ఒకటే శబ్దం. తేమ మీటర్ కూడా పెట్టారు కానీ అప్పుడే నీళ్ళలోంచి తీసిన పడవ మీద, అందులోనూ రాగి కలిసిన పెయింటు మీద, ఆ మీటర్ లెక్క నమ్మొద్దని ఆయనే చెప్పారు. అలా తన పనిముట్టు ఎక్కడ పనికిరాదో విప్పి చెప్పే మనిషి అంటే నాకు గౌరవం.

సమస్య డెక్ మీద బయటపడింది. ఈ పడవల డెక్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి చేస్తారు, తేలిగ్గా ఉండి గట్టిగా ఉండడానికి. రైలింగు స్తంభాల కోసం దానికి బోల్టులు వేస్తారు, ఆ బోల్టుల చుట్టూ వేసిన సీలెంట్ ఏళ్ళ తరబడి ఎండి వదిలేస్తే వాన నీళ్ళు లోపల చెక్కలోకి దిగి కుళ్ళబెడతాయి. పైనుంచి చూస్తే తళతళలాడుతూనే ఉంటుంది. ఎడమవైపు మధ్య స్తంభం దగ్గర సుత్తి శబ్దం మారింది. ఆయన ఏమీ మాట్లాడకుండా నీలం టేపు ముక్కలు అంటించుకుంటూ పోయారు, చివరికి చూస్తే ఆ టేపు గీసిన హద్దు రెండు అరచేతులంత ఉంది. మీటర్ కూడా అక్కడ పైకి లేచింది. ఇప్పుడు బాగుచేయిస్తే చిన్న పని, వదిలేస్తే మీ పిల్లలు ఆ స్తంభాన్ని పట్టుకునే కదా నిలబడేది అన్నారు. ఆ మాటతో మా ఆయన మొహం మారిపోయింది.

ఇంకోటి వంటగది. ఇది చదివే ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మన వంట ఇక్కడివాళ్ళ వంట లాంటిది కాదు, పడవలో ఉన్నా సరే పొద్దున కాఫీతో మొదలై రాత్రి పెరుగన్నం దాకా స్టవ్ వెలుగుతూనే ఉంటుంది. పడవల్లో ఎక్కువగా ప్రొపేన్ గ్యాస్ వాడతారు. అది గాలి కంటే బరువు. ఇంట్లో అయితే కిటికీ తలుపులు తీస్తాం, పడవలో లీకైన గ్యాస్ కిందికి దిగి బిల్జ్‌లో, అంటే పడవ అట్టడుగు గుంటలో, నీళ్ళలా నిలబడిపోతుంది, అక్కడ పంపు స్విచ్చో ఇంజన్ స్టార్టరో ఒక్క నిప్పురవ్వ రాలిస్తే చాలు. సర్వేయర్ సిలిండర్ వాల్వు తిప్పి, లైన్‌లోకి గ్యాస్ వదిలి, బర్నర్లన్నీ కట్టేసి, మళ్ళీ సిలిండర్ వాల్వు మూసేశారు. గేజ్ ముల్లు మా బాబుకి చూపించి మూడు నిమిషాలు దాని మీదే కన్ను పెట్టమన్నారు, కదలకూడదు. మేమంతా వాడి వెనక నిలబడ్డాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత వాడు "అమ్మా, కిందికి వస్తోంది" అన్నాడు. నిజంగానే వస్తోంది, చాలా నెమ్మదిగా. స్టవ్ ముందుకి లాగి వెనక గొట్టానికి సబ్బునీళ్ళు రాస్తే ఒకచోట చిన్న చిన్న బుడగలు లేచాయి. పడవ ఒరిగినప్పుడు గిన్నెలు దొర్లకుండా స్టవ్ ఉయ్యాలలా ఊగుతుంది, ఊగినప్పుడల్లా ఆ గొట్టం ఒక స్క్రూ తలకి రాసుకుని అరిగిపోయింది. వాసన మాత్రం మాలో ఎవరికీ తెలియలేదు. ఈ ఒక్కదానికే పెట్టిన డబ్బు మొత్తం చెల్లిపోయిందని నా లెక్క.

మా అత్తయ్యగారు అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చుని ఉన్నారు. వాళ్ళది తాళ్ళరేవు వైపు, చెక్కపడవలు కట్టే ఊళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి, కోరంగి రేవు ఒకప్పుడు ఓడలు కట్టడానికి పేరుపడ్డదని పిల్లలకి కథలు చెప్తుంటారు. "ఏమ్మా, నీళ్ళు లోపలికి వచ్చే దారులు ఎన్నున్నాయో ఆయన్ని అడుగు" అన్నారు నాతో. అడిగాను. సర్వేయర్ మెచ్చుకోలుగా తలూపి, ఆమెని దగ్గరుండి తిప్పి, పడవ అడుగున ఉన్న ప్రతి కన్నమూ, దాని మీది వాల్వూ చూపించారు: టాయిలెట్‌కి, సింకుకి, ఇంజన్ చల్లబరిచే నీటికి, ఇలా పద్నాలుగు. ప్రతి వాల్వూ మూసి తెరిచి చూస్తే రెండు బిగుసుకుపోయి కదల్లేదు. ప్రతిదాని పక్కన మొనదేలిన చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉండాలట, గొట్టం ఊడితే దాన్నే దిగ్గొడతారు. ఒక్కటీ లేదు. ఆ బిరడాలు మేం మర్నాడే కొన్నాం.

తర్వాత బేలోకి తీసుకెళ్ళి నడిపి చూశాం. ఇంజన్ పూర్తి వేగానికి తెచ్చి అక్కడే ఉంచి వేడి చూశారు, తెరచాపలు ఎత్తించారు, ఆటోపైలట్ రెండువైపులా తిప్పించారు. అన్నీ బాగానే ఉన్నాయి, దీని గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

ఇక నాకు నచ్చనివి. రిపోర్టు వారం దాటాక వచ్చింది, అదీ మేం రెండుసార్లు గుర్తుచేశాక. ఒప్పుకోవాలా వద్దా అని చెప్పాల్సిన గడువు దగ్గరపడుతుంటే ఆ టెన్షన్ మామూలుది కాదు, మేం బ్రోకర్‌ని బతిమాలి గడువు పొడిగించుకోవాల్సి వచ్చింది. వచ్చిన రిపోర్టులో అరవైకి పైగా లోపాలు, వరుసగా, ఏది ప్రాణం మీదికి తెచ్చేదో ఏది పది డాలర్ల పనో తేడా లేకుండా. గ్యాస్ గొట్టం ముప్ఫై ఏడో నంబరు. దాని పైనే గడువు తీరిన ఫ్లేర్లు, అంటే ఆపదలో సాయం కోసం వెలిగించే మంట సంకేతాలు. ఫ్లేర్లకి 42 నెలల గడువు ఉంటుంది, షాపుకి వెళ్తే కొత్తవి దొరుకుతాయి, గ్యాస్ గొట్టం ఆ వరసలో ఉండాల్సిన విషయమా? మంచి సర్వేయర్లు ఏ, బీ, సీ అని విడగొట్టి ఇస్తారని తర్వాత తెలిసింది, మీరు ముందే అడగండి. బాగుచేయించడానికి ఎంతవుతుందో ఆయన రాయరు, అది ఆ వృత్తిలో పద్ధతే అన్నారు, సరే. లోపలి ప్యానెళ్ళు విప్పరు, కాబట్టి మాస్ట్ వైర్లు డెక్ గుండా దిగి పడవకి బిగించిన స్టీల్ పట్టీల్ని, అంటే చైన్‌ప్లేట్లని, పైభాగం వరకే చూడగలిగారు. గాలి తగలకుండా తడిలో ఉండే చోటే స్టెయిన్‌లెస్ స్టీల్‌ని తుప్పు ఎక్కువ తింటుంది, కనబడని చోటే అసలు భయం. దీన్ని ఆయన దాచలేదు, చూడలేదు అని స్పష్టంగా రాశారు.

రిగ్గర్ చూసి చెప్పింది వైర్లన్నీ 2006 నాటివే అని. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పది పదిహేనేళ్ళు దాటిన వైర్లని ఒప్పుకోవు. మొత్తం మార్చడానికి 16,000 డాలర్ల కొటేషన్ వచ్చింది. రిపోర్టు, కొటేషన్, గ్యాస్ గేజ్ మీద పిల్లాడి వేలు ఉన్న ఫోటో, అన్నీ కలిపి అమ్మేవాళ్ళ ముందు పెట్టాం. వాళ్ళు 13,000 తగ్గించారు. వాదన పెద్దగా జరగలేదు, ఎందుకంటే ఆ కాగితం ఇప్పుడు వాళ్ళ చేతిలో కూడా ఉంది, మేం మానుకున్నా ఇంకో కొనేవాళ్ళకి అదే తేలుతుంది.

ఇన్సూరెన్స్‌కి ఈ రిపోర్టే ఆధారం. మా కంపెనీ రిపోర్టులోని భద్రత లోపాలన్నీ సరిచేసినట్టు సంతకం చేసి ఇమ్మంది, మేం చేసిన సెయిలింగ్ కోర్సుల వివరాలు అడిగింది, జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఉండే హరికేన్ సీజన్లో పడవ ఎక్కడ ఉంటుందో రాసిమ్మంది. అందుకే మేం వేసవి అంతా చెసాపీక్‌లోనే ఉండి, చలి మొదలయ్యాక నార్‌ఫోక్ దగ్గర ఇంట్రాకోస్టల్ కాలవలోకి, అంటే తీరం వెంట లోపలగా సాగే నీటిదారిలోకి, దిగి ఫ్లోరిడా వైపు వెళ్ళేట్టు పెట్టుకున్నాం.

రేటింగ్ అయిదుకి నాలుగు. పని చేసిన తీరుకి అయిదు ఇచ్చేదాన్నే, రిపోర్టు ఆలస్యానికీ ఆ వరసకీ ఒకటి తీసేశాను. పెట్టుకునేవాళ్ళకి రెండు మాటలు: వసంతంలోనూ, అక్టోబరులో అనాపొలిస్ బోట్ షో జరిగే రోజుల్లోనూ సర్వేయర్లు, లిఫ్ట్ స్లాట్లు రెండూ దొరకవు, కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే ఫోన్లు మొదలుపెట్టండి. రిపోర్టు ఏ తేదీకి ఇస్తారో రాయించుకోండి. తెరచాప పడవలే ఎక్కువ చూసే మనిషా కాదా అడగండి, మోటార్ బోట్లు చూసేవాళ్ళకి మాస్ట్, వైర్ల సంగతి అంతగా పట్టదు. లోపాలు సరిచేయించాక మళ్ళీ వచ్చి చూసి సంతకం పెట్టడానికి మా దగ్గర విడిగా 200 డాలర్లు తీసుకున్నారు, అది ఫీజులో కలిసి ఉందా లేదా అన్నది కూడా మొదటి ఫోన్లోనే తేల్చుకోండి.