శ్రీకాకుళంలో "రైట్ బ్రెయిన్" క్లాసు: రెండు స్టార్లు, అవీ మేడమ్‌కే

దసరా అయ్యాక మా పాపని ఊళ్ళో ఒక "రైట్ బ్రెయిన్" క్లాసులో వేశాను. పేరు రాయను. పన్నెండు ఆదివారాలు, మొదటి విడత 3,500. కరపత్రం మీద మెదడు బొమ్మ, ఎడమ సగం బూడిద రంగులో లెక్కలు, కుడి సగం ఇంద్రధనస్సు. బడి చదువంతా ఎడమ సగానిదేనట, కుడిది నిద్రపోతోందట, వీళ్ళు లేపుతారట.

ఎలాగంటే, ఎడమ చేతిని నడిపేది కుడి సగం కాబట్టి ఎడమ చేత్తో అక్షరాలు దిద్దిస్తారు, కళ్ళకి గంతలు కట్టి కార్డుల రంగులు చెప్పమంటారు. మూడో వారం మమ్మల్ని పిలిచి చూపించారు. మా పాప గంతలతోనే ఎరుపు, పసుపు, నీలం అని గడగడా చెప్పేసింది. ఒకటే చప్పట్లు. బండి మీద ఏడు రోడ్ల జంక్షన్ దాటుతుంటే వెనక నుంచి "నానా, ముక్కు పక్కన సందుంటాది కదా, అక్కణ్ణుంచి కనిపిస్తాది, తల కొంచెం ఎత్తితే చాలు" అంది. పిల్లలందరూ అంతేనట. "మేడమ్‌కి చెప్పకు, బాధపడతాది" అని కూడా అంది.

గంతల సంగతి నవ్వుకుని వదిలేద్దును. ఈ ఎడమ కుడి కథ దగ్గరే నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఎడమ సగానికి దెబ్బ తగిలితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. పోయినేడాది మా పెదనాన్నకి మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. కాఫీ గ్లాసు చూపిస్తే "అదే... అదే" అంటాడు, పేరు రాదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అదే మనిషి, పెద్దమ్మ అరసవల్లి వెళ్ళినప్పుడల్లా చదివే శ్లోకం అందుకుంటే రాగంతో సహా చివరిదాకా చదివేస్తాడు. ఒకటి నుంచి ఇరవై దాకా వరసగా చెప్తాడు, మధ్యలో ఆపి ఏడు వేళ్ళు చూపించి ఎన్ని అంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలెడతాడు.

దీన్ని అఫేసియా అంటారు. మాట కూర్చుకోవడం చాలామందిలో ఎడమ సగం పని, రాగం, గొంతులో ఎత్తుపల్లాలు కుడి సగం ఎక్కువగా చూసుకుంటుంది, కంఠతా వచ్చినవి ఒక్కోసారి మిగిలిపోతాయి. అందుకే స్పీచ్ థెరపీలో మాటని పాటలా సాగదీసి, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికించే పద్ధతి 1970ల నుంచీ ఉంది. పెదనాన్నకీ అదే చేయిస్తున్నాం. "కా...ఫీ" వస్తోంది, రోజూ కాదు.

1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" తప్ప ఇంకో మాట రాని రోగి చనిపోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. ఇంకాస్త వెనక దెబ్బతింటే మాటలు గలగలా వస్తాయి గానీ అర్థముండదు, ఎదుటివాళ్ళు చెప్పేదీ ఎక్కదు, 1874లో వెర్నికె అనే జర్మన్ డాక్టరు చెప్పింది అది. కుడిచేతివాటం వాళ్ళలో నూటికి సుమారు 95 మందికి భాష ఎడమవైపే. ఎడమచేతివాటం వాళ్ళలో కూడా దాదాపు 70 మందికి అంతే! మరి ఎడమ చేత్తో అ ఆలు దిద్దిస్తే ఏం మారుతుందని అడిగాను.

"దీనికి నోబెల్ వచ్చింది సార్" అన్నారు నిర్వాహకులు. వచ్చింది, 1981లో, స్పెరీ అనే అమెరికా శాస్త్రవేత్తకి. ఆయన చూసిన రోగులకి మూర్ఛ తగ్గడానికి రెండు సగాల మధ్య వంతెనని, అంటే కార్పస్ కెలోసమ్‌ని, కోసేశారు. చూపుకి ఎడమ పక్కన ఏదైనా బొమ్మ పెడితే "ఏమీ కనబడలేదు" అంటూనే ఎడమ చేత్తో తడిమి ఆ వస్తువే తీసేవారు. ఎడమ పక్కది చూసేదీ, ఎడమ చేతిని నడిపేదీ కుడి సగం, మాట చెప్పేది ఎడమ సగం, వంతెన లేక కబురు అటు అందదు. మన పిల్లలకి ఆ వంతెన నిక్షేపంగా ఉంది, సుమారు 20 కోట్ల నరాల పోగులు! 2013లో యూటా యూనివర్సిటీ వాళ్ళు వెయ్యికి పైగా మంది స్కాన్లు చూసి, ఫలానావాడు ఎడమ మెదడు మనిషి, ఫలానావాడు కుడి అనడానికి ఆధారం దొరకలేదన్నారు.

మేడమ్ మాత్రం బంగారం. కథలు చెప్పేటప్పుడు గొంతు మారుస్తూ భలే చెప్తుంది, ఆ గంట కోసమే పాప వెళ్ళేది. గది ఇరుకు, ఒకటే ఫ్యాను. డబ్బు వెనక్కి ఇవ్వరు, రసీదు వెనక సన్న అక్షరాల్లో రాసుందట. రెండో విడత కట్టలేదు. వాళ్ళ పజిల్ పుస్తకం ఇంకా మా ఇంట్లోనే ఉంది, అడిగితే తెచ్చిస్తాను.