వెడల్పు సంచా, వెచ్చటి సంచా? లంబసింగి చలికి ఏది మేలు

బెజవాడలో చలికాలమంటే ఫ్యాను రెండు నంబర్లు తగ్గించి పల్చటి దుప్పటి కప్పుకోవడం. ఆ అలవాటుతో కొన్న వస్తువును కొండ మీదికి తీసుకెళ్తే ఏమవుతుందో నిరుడు జనవరిలో లంబసింగిలో తెలిసింది. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, అమ్మ. స్లీపింగ్ బ్యాగుల మీద ‘0 డిగ్రీలు’ అని పెద్ద అక్షరాలతో ఉంది కదా అని ధీమాగా గుడారంలో పడుకున్నాం. రాత్రి రెండు గంటలకు నలుగురమూ లేచి కారులోకి మారాం.

ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఊరు పేరే హెచ్చరిస్తుంటే నేను సంచి మీది అంకెను నమ్మాను.

ముందు ఆ అంకె సంగతి. స్లీపింగ్ బ్యాగు ఎంత చలి ఆపుతుందో కొలవడానికి ఐరోపాలో 2002లో ఈఎన్ 13537 అనే ప్రమాణం తెచ్చారు. తర్వాత దాని స్థానంలోకి ఐఎస్ఓ 23537 వచ్చింది. వేడిచేసిన మనిషి బొమ్మను సంచిలో పడుకోబెట్టి కొలిచి, డిగ్రీల్లో ఈ అంకెలు ఇస్తారు. కంఫర్ట్ అంటే సగటు స్త్రీ ఒళ్లు వదులుగా పెట్టుకుని నిద్రపోగల చలి. లిమిట్ అంటే సగటు మగవాడు ముడుచుకుని పడుకుంటే తట్టుకోగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర మాట దేవుడెరుగు, ఆరు గంటలపాటు ప్రాణం నిలబడటం. ఇంటికొచ్చాక లోపలి చీటీ చదివితే మా సంచుల కంఫర్ట్ 14, ఎక్స్‌ట్రీమ్ 0. అమ్మినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు, ప్రాణాలైతే నిలిచాయి. మీరు కొనేటప్పుడు కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి. అదీ పెద్దవాళ్ల కొలతలతో కట్టిన లెక్క కాబట్టి పిల్లలకు ఇంకాస్త మిగులు ఉంచుకోండి. లంబసింగి, వంజంగి వైపు డిసెంబరు, జనవరి ప్రయాణాలకు 5 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉన్నదే తీసుకుంటాను. మారేడుమిల్లి లాంటి తక్కువ ఎత్తు చోట్లకు 10 చాలు.

ఇక ఆకారం. ఒకటి ఈజిప్టు మమ్మీలా ఉండే ‘మమ్మీ’ రకం. భుజాల దగ్గర వెడల్పుగా, పాదాల దగ్గర సన్నగా, తలకు టోపీతో ఉంటుంది. రెండోది దీర్ఘచతురస్రంగా, పరుపులా పరుచుకునేది. సంచి తనంతట తాను వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని లోపలి గాలిలో పట్టి ఉంచుతుంది, అంతే. ఖాళీ ఎంత ఎక్కువైతే మన ఒళ్లు కాచాల్సిన గాలి అంత ఎక్కువ. కాబట్టి ఒకే రకం, ఒకే బరువు కూరుపు ఉన్న రెండింటిలో వెచ్చనిది మమ్మీయే. లెక్క ప్రకారం అది గెలవాలి. మా ఇంట్లో గెలవలేదు. దుకాణంలో అమ్మను అందులో ఒకసారి పడుకోమన్నాను. “ఒరేయ్, బతికుండగానే నన్ను పాడె మీద కట్టినట్టు కడతావా?” అంది. రాత్రి రెండుసార్లు లేవాల్సిన మనిషికి, మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకునే మనిషికి మమ్మీ సంచి శిక్షే. నిద్రే పట్టనప్పుడు ఆ వెచ్చదనం ఎవరికి?

కుటుంబానికైతే దీర్ఘచతురస్రపు సంచులకే నా ఓటు. కాకపోతే ఒకదాని జిప్పు కుడివైపు, మరొకదానిది ఎడమవైపు, రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి చూసుకుని కొనాలి. అప్పుడు రెంటినీ కలిపి ఒకే పక్కగా చేసుకోవచ్చు. పాప మా మధ్య పడుకుంటే ఆ పెద్ద ఖాళీని మూడు ఒళ్లు కాస్తాయి. మెడ దగ్గర మాత్రం చలి దూరుతుంది, అక్కడ శాలువా కుక్కాలి. పాపను విడిగా పెద్దవాళ్ల సంచిలో పడుకోబెడితే కాళ్లకింద మిగిలిన భాగాన్ని తాడుతో కట్టేయండి, పాదాలు చల్లబడవు. మొదటి నుంచీ డబుల్‌గా కుట్టిన సంచి కూడా దొరుకుతుంది కానీ ఒంటరిగా వెళ్లినప్పుడు అది గుదిబండ.

లోపలి కూరుపు విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగు, అంటే డౌన్, తేలిక, మడిస్తే చిన్నదవుతుంది, వెల ఎక్కువ. తడిస్తే ముద్దకట్టి పనికిరాదు. ఆ కొండల్లో తెల్లవారుజామున గుడారం లోపలి గుడ్డ కూడా మంచుకు చెమ్మగిల్లుతుంది. పాలిస్టర్ కూరుపు బరువే, అయినా చెమ్మలో కొంత పనిచేస్తుంది, తొందరగా ఆరుతుంది. కారులో వెళ్లేవాళ్లకు బరువుతో ఏం పని?

అసలు మేం చేసిన పెద్ద తప్పు సంచిలో లేదు, దాని కింద ఉంది. ఒంటి బరువుకు కింది కూరుపు నలిగి పల్చబడుతుంది, నేల చల్లదనం నేరుగా వీపుకు తగులుతుంది. మేం పరిచింది ప్లాస్టిక్ చాప. ప్రయోగశాలలోనూ ఆ బొమ్మను ఉత్త నేల మీద పడుకోబెట్టరు, కింద చాప వేసే కొలుస్తారు. డబ్బు పరిమితమైతే సంచిలో ఒక మెట్టు దిగండి, మందపాటి ఫోమ్ చాపలో దిగకండి.

మరి ఇంట్లో బొంత సంగతి? పాత నూలు చీరలు పొరలుగా కలిపి కుట్టిన అమ్మ బొంత సూర్యలంక తీరానికైతే చాలు, అక్కడికి స్లీపింగ్ బ్యాగు మోయడం దండగ. లంబసింగిలో మీద కప్పుకోవడానికి చాలదు. నూలు చెమ్మ పీల్చుకుని బరువెక్కుతుంది, పక్కలనుంచి గాలి దూరుతుంది. అయితే ఫోమ్ చాప మీద పరిస్తే దానంత హాయి మరొకటి లేదు. ఈ డిసెంబరుకు అమ్మ షరతు కూడా అదే. బొంత కారెక్కితేనే తను ఎక్కుతుందట.

కొన్నాక ఒక జాగ్రత్త. చిన్న గొట్టం సంచిలో కుక్కి అటక మీద పడేస్తే ఏడాదికల్లా కూరుపు అణిగిపోయి వెచ్చదనం తగ్గుతుంది, మన వానాకాలపు ఉక్కకు బూజు వాసన వేరే. ఎండలో ఆరబెట్టి, వదులుగా దిండు గలీబుల్లో పెట్టి బీరువా మీద ఉంచుతున్నాం. పాప వాటిని మెత్తలుగా వాడుకుంటోంది, నేను అడ్డు చెప్పడం లేదు.