రోజుకో సూక్తి: గోడకు తగిలించే ఒక డైలీ క్యాలెండరు గురించి

నెల్లూరు ట్రంకు రోడ్డు స్టేషనరీ దుకాణాల ముందు డిసెంబరు నెలాఖరున వేలాడదీసే డైలీ క్యాలెండర్లలో, తిథి వార నక్షత్రాలతో పాటు రోజుకో సూక్తి అచ్చువేసిన రకం ఒకటి ఉంటుంది. 160 రూపాయలు పెట్టి దాన్ని కొని మా జిరాక్సు షాపులో మిషను పక్క గోడకు తగిలించాను. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు కోచింగు తీసుకుంటున్న పిల్లలు. హాల్‌టికెట్లు, మార్కుల జాబితాలు పట్టుకుని తమ వంతు కోసం నిలబడినంతసేపూ వాళ్ల చూపు ఆ గోడ మీదే ఉంటుంది కాబట్టి, ఈ క్యాలెండరు మంచిచెడ్డలను నా అభిరుచిని బట్టి మాత్రమే కాక, చదివినవారి తీరును బట్టి కూడా చెప్పగలుగుతున్నాను.

అచ్చు, కాగితం సంగతి క్లుప్తంగా చెప్తాను. తేదీ అంకెలు రోడ్డు మీది నుంచి కూడా కనబడేంత పెద్దవి. రాహుకాలం, వర్జ్యం చిన్న అక్షరాలే అయినా స్పష్టంగా ఉన్నాయి. వెనకవైపు అచ్చు లేదు కనుక చించిన కాగితం చిల్లర లెక్కలకు పనికివస్తుంది. అయితే మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో గదా వచ్చేది, ఆ అక్టోబరు, నవంబరు నెలల్లో కాగితం చెమ్మ పీల్చి, రేకు పట్టీ దగ్గర తెగకుండా సరిగ్గా సూక్తి మధ్యలో చిరుగుతుంది.

ఈ క్యాలెండరుకు పెట్టిన డబ్బు మన పద్యాలు వేసిన రోజుల్లో గిట్టుబాటవుతుంది. భర్తృహరి సుభాషితాలకు ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగులోంచి ‘ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై’ అన్న పద్యాన్ని ఒక రోజు పూర్తిగా, కింద నాలుగు ముక్కల తాత్పర్యంతో వేశారు. ఆటంకాలకు జడిసి పని మొదలే పెట్టనివారు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవారు, ఎన్ని దెబ్బలు తగిలినా పట్టిన పని విడవనివారు అని మనుషులను మూడు రకాలుగా చెప్పే పద్యమిది. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు దగ్గర వెనక్కి వచ్చిన ఒక కుర్రవాడు ఆ రోజు సర్టిఫికెట్ల నకళ్ల కోసం వచ్చి, పద్యాన్ని పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. ‘అన్నా, రేపు చించేటప్పుడు ఈ కాగితం పారేయబాక, నాకు తీసిపెట్టన్నా’ అని అడిగాడు. ఆ పద్యంలో నువ్వు గొప్పవాడివన్న పొగడ్త లేదు, గెలుస్తావన్న హామీ అసలే లేదు. మధ్యలో వదిలేసేవారి వరుస ఒకటుందని, అందులో నిలబడతావో లేదో నువ్వే చూసుకొమ్మని మాత్రం ఉంది. ఆ కుర్రవాడికి పట్టింది అదేనని నా ఊహ. వేమన్న ‘తినగ తినగ వేము తియ్యనుండు’, సుమతీ శతకంలోని ‘ఉపకారికి నుపకారము’ వేసిన రోజుల్లో కూడా, చిన్నప్పుడు వల్లెవేసిన పెద్దవాళ్లు మిగతా పాదాలు తామే అందుకుని పూర్తిచేయడం చూశాను.

మిగతా రోజుల్లో ఎక్కువ భాగం ‘విజయం’, ‘లక్ష్యం’, ‘ఆత్మవిశ్వాసం’ అన్న మూడు మాటలను అటూ ఇటూ తిప్పి కూర్చిన వాక్యాలే. ఎవరు అన్నారో ఉండదు, ఏ సందర్భంలో అన్నారో అంతకన్నా ఉండదు. పేరు వేసినచోట దాన్ని సరిచూసుకున్న జాడ లేదు. ‘నువ్వు కోరే మార్పు నువ్వే కావాలి’ అన్న వాక్యం కింద గాంధీగారి పేరు వేశారు. ఆయన రచనల్లో ఆ వాక్యం అదే రూపంలో దొరకదు. మనల్ని మనం మార్చుకోగలిగితే లోకపు పోకడలు కూడా మారతాయన్న భావంతో 1913లో ‘ఇండియన్ ఒపీనియన్’లో రాసింది మాత్రం ఉంది. నినాదం కంటే ఆ మాటే నెమ్మదిగా, నమ్మేటట్టుగా ఉంటుంది.

‘లేవండి, మేల్కొనండి, గమ్యం చేరేవరకు ఆగకండి’ అన్నదాన్ని వివేకానందుడి పేరు మీద వేశారు. ఆయన దాన్ని దేశమంతటా మోగించిన మాట నిజమే కానీ, మూలం కఠోపనిషత్తులో నచికేతుడికి యముడు చేసిన బోధలోది: ‘ఉత్తిష్ఠత జాగ్రత ప్రాప్య వరాన్నిబోధత’. లేచి, మేల్కొని, శ్రేష్ఠులైన ఆచార్యులను చేరి తెలుసుకొమ్మని దాని అర్థం. ఆ దారి కత్తి అంచు మీద నడకలాంటిదన్న హెచ్చరిక ఆ వెంటనే ఉంది. ఆగకుండా పరుగెత్తమనడానికీ, తెలిసినవారి దగ్గరకు వెళ్లి నేర్చుకొమ్మనడానికీ చాలా తేడా ఉంది. రెండో సలహా మా షాపుకు వచ్చే పిల్లల్లో సగం మందికి ఎక్కువ అవసరం. మూలాన్ని ఒక్క పంక్తిలో అచ్చువేసేందుకు కాగితం మీద చోటు లేకపోలేదు.

నెల్లూరులో అమ్ముతున్న సరుకు కాబట్టి ఇంకో మాట కూడా అనక తప్పదు. ఇతరులు నీతో ఎలా ఉండాలనుకుంటావో నువ్వు వారితో అలాగే ఉండమన్న ఒక అనువాద వాక్యాన్ని ఏ పేరూ లేకుండా వేశారు. పదమూడో శతాబ్దంలో ఇదే ఊరిలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉండి, విరాటపర్వం మొదలుకొని భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన సోమయాజి, ‘ఒరులేయవి యొనరించిన నరవర యప్రియము తన మనంబున కగు దా నొరులకు నవి సేయకునికి పరాయణము పరమధర్మపథముల కెల్లన్’ అని నాలుగు చిన్న పాదాల్లో చెప్పి ఉన్నారు. ఇతరులు ఏది చేస్తే మన మనసు నొచ్చుకుంటుందో దాన్ని మనం ఇతరులకు చేయకుండా ఉండటమే ధర్మమార్గాలన్నిటికీ ఆధారమన్న ఆ పద్యం ఏడాది పొడుగునా ఒక్క కాగితం మీద కూడా కనబడలేదు.

ఒక్కోసారి నవ్వు కూడా తెప్పిస్తుంది. ‘మంచి సమయం కోసం ఎదురుచూడకు, ఈ క్షణమే మొదలుపెట్టు’ అన్న సూక్తికి సరిగ్గా కిందే ఆ పూట వర్జ్యం ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకో ఉంది. చదివినవారంతా కింది పంక్తినే పాటించారు. గురజాడవారి ‘వట్టి మాటలు కట్టిపెట్టోయ్’ అన్న పాదాన్ని సూక్తుల క్యాలెండరులో వేయడానికి కూర్పరికి ధైర్యమే ఉండాలి. ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’ అన్న తర్వాతి పాదాన్ని వదిలేయడం మాత్రం ఆ ధైర్యాన్ని సగం చేసింది.

తేదీ, రాహుకాలం చూసుకోవడానికే అయితే ఇంతకంటే చవకైన క్యాలెండర్లున్నాయి. సూక్తుల కోసమే కొనదలిస్తే దుకాణంలోనే నాలుగైదు కాగితాలు ఎత్తి చూసి, పద్యాలు, రాసినవారి పేర్లు బాగా ఉన్న ప్రతిని ఎంచుకోండి. సంక్రాంతి దాటాక మిగిలిన సరుకును మా వైపు సగం ధరకే ఇస్తారు కానీ, అప్పటికి వాటి రేకు పట్టీలు వదులై ఉంటాయి గనుక బిగువు చూసి తీసుకోవాలి.