పెట్-సీటీయా, పెట్-ఎంఆర్ఐయా: పీజీలో ఏది ముందు?

హైబ్రిడ్ ఇమేజింగ్‌లో, అంటే రెండు రకాల స్కాన్లను కలిపి తీసే పద్ధతిలో, పీజీ చేయాలనుకునే రేడియోగ్రాఫర్లు ముందు పెట్-సీటీ నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎక్కడ చేరిందో పెట్ చూపుతుంది; అవయవాల ఆకారాన్ని సీటీ ఎక్స్-రేలతో, ఎంఆర్ఐ అయస్కాంతంతో చూపుతాయి. 2001 నుంచి మార్కెట్లో ఉన్న ఈ యంత్రాలే ఆసుపత్రుల్లో ఎక్కువ. కేసులూ ఎక్కువే, ముఖ్యంగా క్యాన్సర్‌వి. అసలు నేర్పంతా తప్పును పసిగట్టడంలో ఉంది. సీటీ క్షణాల్లో ముగుస్తుంది, పెట్‌కు నిమిషాలు పడుతుంది; ఈలోగా రోగి ఊపిరి ఆడుతూనే ఉంటుంది. దాంతో కాలేయం పైఅంచున ఉన్న కణితి ఊపిరితిత్తిలో ఉన్నట్టు కనబడవచ్చు. అది గుర్తించకపోతే చికిత్సే దారి తప్పుతుంది!

పెట్-ఎంఆర్ఐ భౌతికశాస్త్రంపై మక్కువ ఉన్నవారికి. మెదడు, కటి భాగాల్లోని మృదుకణజాలం స్పష్టంగా కనిపిస్తుంది. సీటీ రేడియేషన్ ఉండదు కనుక పిల్లలకు మేలు. కానీ ఎముక నుంచి మామూలు ఎంఆర్ఐకి సంకేతం దాదాపు అందదు, అందుకే పెట్ చిత్రంలో క్షీణతను (శరీరంలో, ముఖ్యంగా ఎముకలో, పెట్ కిరణాలు బలహీనపడటాన్ని) సరిదిద్దడం కష్టం. ఎంఆర్ఐ అనుభవం ఇప్పటికే ఉంటే నేరుగా ఇటు రావచ్చు.