గదికి ఒక్క వైఫై కూపన్, చేతిలో ఆరు పరికరాలు: ఫోనా, ల్యాప్‌టాపా, చిన్న రూటరా?

దిండి, అంతర్వేది వైపు కొబ్బరితోటల్లో బసకు దిగినప్పుడు గదికిచ్చిన వైఫై కూపన్‌తో ఒక్క పరికరమే ఎక్కిందనుకుందాం. మీ దగ్గరేమో ఐదు ఫోన్లు, ఒక టీవీ స్టిక్కు. పంచుకుంటామని యజమానికి ముందే చెప్పండి. అక్కడి లైను మిగతా గదులవాళ్ళది కూడా.

ఒక్క రాత్రికి, రెండు మూడు ఫోన్లకైతే ఏమీ కొనక్కర్లేదు. వైఫై అందుకుంటూనే హాట్‌స్పాట్ ఇవ్వగల ఆండ్రాయిడ్ ఫోన్లు చాలా ఉన్నాయి. హాట్‌స్పాట్ నొక్కగానే వైఫై ఆగిపోతే ఆ ఫోనుకు ఆ సదుపాయం లేనట్టే. మొబైల్ డేటా ఆపేసి చూస్తే తేలిపోతుంది. ఐఫోన్ హాట్‌స్పాట్ మొబైల్ డేటానే పంచుతుంది, వైఫైని పంచదు. ఏ ఫోనైనా వేడెక్కుతుంది, ఛార్జింగ్ త్వరగా దిగుతుంది. పైగా ఆ ఫోను పట్టుకుని ఎవరైనా గోదారి గట్టుకు వెళితే గదిలో అందరికీ నెట్ పోతుంది.

విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లోని మొబైల్ హాట్‌స్పాట్ 8 పరికరాల దాకా మోస్తుంది. స్లీప్‌లోకి వెళ్ళకుండా చూసుకోవాలి, అంతే.

రెండు రోజులు మించితే మాత్రం ట్రావెల్ రూటరే మేలు. టీపీ లింక్, జీఎల్ ఐనెట్ లాంటి కంపెనీలవి అరచేతిలో ఇమిడిపోతాయి. కొనేముందు విస్ప్ (WISP) మోడ్, అంటే బయటి వైఫైని అందుకుని మీ సొంత నెట్‌వర్క్‌గా పంచే మోడ్, ఉందో లేదో చూడండి, కీలకం అదే. ఎక్స్‌టెండర్ సిగ్నల్‌ను ముందుకు తోస్తుందంతే, ఒక్కో ఫోను విడిగా లాగిన్ కావాల్సి రావచ్చు. విస్ప్‌లో రిసార్టుకు కనిపించేది రూటర్ ఒక్కటే.

బ్రౌజరులో తెరుచుకునే రూటర్ సెట్టింగుల పేజీలో విస్ప్ ఎంచుకుని, స్కాన్ చేసి, రిసార్టు వైఫైకి కలపండి. మీ నెట్‌వర్క్‌కు వేరే పేరు, డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్ పెట్టండి. తర్వాత రూటర్‌కు కలిపిన ఏదో ఒక ఫోను నుంచి కూపన్ కొడితే అందరికీ తెరుచుకుంటుంది.

లాగిన్ పేజీ రాకపోతే ఫోనులో ప్రైవేట్ డీఎన్ఎస్, వీపీఎన్ ఆపి, హెచ్‌టీటీపీఎస్ కాని పాత సైటు ఏదైనా తెరవండి. రిసార్టు రూటర్ ఐపీ చిరునామా, మీదాని చిరునామా రెండూ 192.168.0.1 అయితే దారి తికమకపడి నెట్ రాదు. మీదాన్ని 192.168.50.1కి మార్చండి. కూపన్ అప్పటికే ఒక ఫోనులో వాడేశారా? ఆ ఫోనులో రిసార్టు వైఫై వివరాల్లో కనిపించే మ్యాక్ అడ్రస్‌ను (నెట్‌వర్క్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) రూటర్‌లో క్లోన్ చేయండి, అంటే అదే నంబరు రూటర్‌కూ పెట్టండి. ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో మ్యాక్ చూపిస్తాయి కాబట్టి, సెట్టింగుల్లోని అసలు మ్యాక్ ఇక్కడ పనికిరాదు. ఆ తర్వాత ఆ ఫోనును రిసార్టు వైఫైకి నేరుగా కలపకండి. ఒకే మ్యాక్‌తో ఇద్దరుంటే ఇద్దరికీ తెగుతుంది.

ఒకే రేడియో ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ రూటర్ అందుకోవడం, పంచడం వంతులవారీగా చేస్తుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. డ్యూయల్ బ్యాండ్ తీసుకుని 2.4లో అందుకుని 5లో పంచితే ఈ బాధ తప్పుతుంది. కాస్త ఎక్కువైనా దానికే డబ్బు పెట్టండి.

ఎక్కడ పెడతారన్నదీ ముఖ్యమే. రేకుల గోడ సిగ్నల్‌ను ఆపేస్తుంది, వానకు తడిసిన కొబ్బరి మట్టలూ బాగానే మింగేస్తాయి. రిసార్టు రూటర్ వైపున్న కిటికీలో పెట్టి, రూటర్ పేజీలో కనిపించే సిగ్నల్ బలం మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ కొలత) కన్నా మెరుగ్గా, అంటే మైనస్ 60 వైపు ఉండేలా చూడండి. కరెంటు పోయినా, 5 వోల్టులతో నడిచే రూటర్ 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు మీద ఆరేడు గంటలు లాగుతుంది. రిసార్టు రూటర్‌కు ఇన్వర్టర్ ఉందో లేదో దిగేటప్పుడే అడగండి. అది ఆగిపోతే మీ పవర్‌బ్యాంకు వల్ల ప్రయోజనం లేదు.