ఒక్కరోజు వాలంటీరింగ్ ప్యాకేజీలు: హైదరాబాద్‌లో ఏది కొనాలి, ఏది వద్దు

హైదరాబాద్‌లో కంపెనీలకు ఎన్జీవోలు, ఈవెంట్ ఏజెన్సీలు అమ్మే ‘ఒక్కరోజు సేవ’ ప్యాకేజీల్లో ఎక్కువగా కనిపించేవి నాలుగు: సర్కారు బడికి రంగులు, మొక్కలు నాటడం, చెరువు శుభ్రత, స్కూలు కిట్ల ప్యాకింగ్. టీషర్టు, భోజనం, ఫొటోగ్రాఫరు అన్నింట్లోనూ ఒకటే. ముందు రోజు పని ఎవరు చేసిపెడతారు, మర్నాటి నుంచి ఎవరు చూసుకుంటారు అన్నదే అసలు తేడా. బ్రోషర్లలో ఈ రెండూ దాదాపు ఉండవు. ఇక్కడ మార్కులు వేసింది వాటిని బట్టే.

ముందు టైము లెక్క చూడండి. గచ్చిబౌలిలో తొమ్మిదికి బస్సు కదిలితే, చేవెళ్ల వైపు ఏదో ఊరి బడికి చేరి, టీషర్టులు పంచి, సర్పంచ్‌గారి మాటలు అయ్యేసరికి పదిన్నర దాటుతుంది. భోజనం, గ్రూప్ ఫొటో, తిరుగు ప్రయాణం తీసేస్తే చేతికి మిగిలేది మూడున్నర గంటలు. ‘ఫుల్ డే’ అని రాసినా సరుకు అంతే. శనివారం పేరిచ్చినవాళ్లందరూ రారు, నలభై మందికి పని ఉంటే యాభై పేర్లు రాయించుకోండి. ఎక్కువమంది వచ్చినా తంటాయే. పనిలేని పదిమంది సెల్ఫీలు దిగుతుంటే మిగతావాళ్ల చేతులూ ఆగిపోతాయి.

బడికి రంగులు: ఐదుకు మూడు, అదీ ప్యాకేజీలో పెయింటర్ ఉంటేనే. 25 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తున్న తరగతి గదిలో తలుపులు, కిటికీలు పోను సుమారు 750 చదరపు అడుగుల గోడ ఉంటుంది. ఎమల్షన్ (నీళ్లు కలిపి గోడకు వేసే రంగు) రెండు పూతలకు లీటరు అరవై చదరపు అడుగుల దాకా వస్తుంది కాబట్టి గదికి పన్నెండున్నర లీటర్లు. చేయి తిరగనివాళ్లు కింద పోసేది కలిపి పదిహేను అనుకోండి. గదికి ఎనిమిది మంది చాలు, అంతకు మించితే ఒకరి రోలర్ ఇంకొకరి వీపుకి. అంటే నలభై మందికి ఐదు గదులు, 20 లీటర్ల బకెట్లు నాలుగు.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పూతకీ పూతకీ మధ్య నాలుగు గంటలు ఆరాలి, మన దగ్గరున్నది మూడున్నర. పాత సున్నం గోకకుండా పైన ఎమల్షన్ వేస్తే ఒక వానాకాలం తిరిగేలోపు పెచ్చులుగా లేస్తుంది. అందుకే గోకడం, పుట్టీ, ప్రైమరు, మొదటి పూత ముందే పెయింటర్లతో అయిపోవాలి, వాలంటీర్లకు రెండో పూతే మిగలాలి. కింద మూడడుగుల ఆయిల్ పెయింటు పట్టీ కూడా పెయింటర్‌కే వదిలేయండి. అది రాత్రంతా ఆరాలి, టర్పెంటైన్ వాసనకు తలనొప్పులు వేరే. ఆరడుగుల పైన ఉన్న గోడకు నిచ్చెన ఎక్కనివ్వొద్దు, రోలర్‌కి పొడుగు కర్ర తగిలిస్తే సరిపోతుంది. బెంచీలు ముందు రోజే బయట పెట్టించాలి. లేకపోతే మొదటి గంట వాటిని మోయడానికే పోతుంది.

గోడల మీద అక్షరాలు, బొమ్మలు ఉంటే ఆర్టిస్టు ముందే గీత గీసి పెట్టాలి. గీసినదాన్ని తెలుగు టీచరు ఒకసారి చదవాలి. ‘ఋ’ మరిచిపోయిన అచ్చుల గోడ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, పిల్లలు దాన్నే చూసి నేర్చుకుంటారు. హెడ్మాస్టరు మాటతో సరిపెట్టుకోకుండా మండల విద్యాధికారి (ఎంఈవో) అనుమతి కాగితం తీసుకోండి. రెండో శనివారం సెలవు కాబట్టి అదే మంచి రోజు. తెలంగాణలో ‘మన ఊరు-మన బడి’, ఆంధ్రలో ‘నాడు-నేడు’ అనే సర్కారు బడుల మరమ్మతు పథకాల కింద ఇప్పటికే రంగులు పడ్డ బడులు చాలా ఉన్నాయి, అక్కడ మళ్లీ వేయడం దండగ. ఆ బడికి నిజంగా కావలసింది మరుగుదొడ్డి నల్లానో, ప్రహరీ గోడో అయి ఉండొచ్చు. ముందే అడిగి తెలుసుకునే సంస్థ దొరికితే మరో అర మార్కు వేసుకోండి.

మొక్కలు: జూన్ నడిమి నుంచి ఆగస్టు లోపు, రెండేళ్ల నీళ్ల ఖర్చు కొటేషన్‌లో ఉంటే మూడు. మార్చి 31 లోపు బడ్జెట్ అవగొట్టడానికైతే సున్నా. ఒకటిన్నర అడుగుల గుంతలు ముందే తవ్వి ఉంటే నలభై మంది రెండు వందల మొక్కలు గంటన్నరలో నాటేస్తారు, అందులో గొప్పేమీ లేదు. ప్లాస్టిక్ కవరు తీయకుండా పాతేయడం, తీసేటప్పుడు వేళ్ల చుట్టూ మట్టిగడ్డ పగలగొట్టడం, కర్ర కట్టకపోవడం మామూలుగా జరిగే పొరపాట్లు. ఎక్కువ మొక్కలు పోయేది మాత్రం మొదటి ఎండాకాలంలోనే. వారానికి మొక్కకు పదిహేను లీటర్ల లెక్కన రెండు వందలకు మూడు వేల లీటర్లు, అంటే ఒక 5,000 లీటర్ల ట్యాంకర్ ట్రిప్పు. ఆ బిల్లు ఎవరిదని అడిగినప్పుడు ‘ఊరివాళ్లు చూసుకుంటారు’ అంటే ఆ ప్యాకేజీ వదిలేయండి.

చెరువు శుభ్రతకు ఒకటిన్నర. గట్టు మీద ప్లాస్టిక్ ఏరడం వరకు పర్వాలేదు. గుర్రపు డెక్క లాగడానికి నీళ్లలోకి దింపే ప్యాకేజీ వద్దు. మురుగు కలిసిన నీళ్లు, అడుగున గాజుపెంకులు, ఏజెన్సీ ఇచ్చే పల్చటి గ్లవ్స్ పది నిమిషాలకు చిరుగుతాయి. చెత్త ఎత్తుకెళ్లే ట్రాక్టరు ముందే మాట్లాడకపోతే, కట్టిన సంచులు గట్టు మీదే ఉండి వారంలో మళ్లీ చెరువులోకి చేరతాయి.

కిట్ల ప్యాకింగ్‌కు నాలుగున్నర. చూడ్డానికి చప్పగా ఉంటుంది, ఫొటోలూ అంతంతమాత్రమే, కానీ సంస్థ ఎలాగూ చేయించాల్సిన పని ఇది. ఆఫీసు క్యాంటీన్‌లోనే అవుతుంది కాబట్టి బస్సు ఖర్చూ లేదు. పది వస్తువుల కిట్ అయితే పదిమందికో వరుస, ఒక్కొక్కరు ఒకే వస్తువు వేయాలి. వరుస చివర కాటా పెట్టండి. సరిగ్గా ఉన్న ఒక కిట్‌ను తూచి, మిగతావన్నీ దాంతో పోలిస్తే నోటుబుక్కు తగ్గినా తెలిసిపోతుంది. పెన్సిల్, రబ్బరు బరువు కాటాకు అందదు, వాటిని ముందే ఒక పౌచ్‌లో కట్టి వేయాలి. వస్తువులు వందకు ఐదు ఎక్కువ తెప్పించండి. ఎక్కువ తప్పులు జరిగేది తరగతుల దగ్గర: నాలుగు గీతల పుస్తకాలు ఎనిమిదో తరగతికి, తెల్ల పుస్తకాలు రెండో తరగతికి పోతుంటాయి. తరగతికో రంగు స్టిక్కరు అంటిస్తే ఆగుతుంది. బడులు తెరిచే జూన్ రెండో వారానికి ముందే సరుకు చేరాలి, ఆగస్టులో ఇచ్చే కిట్ ఎవరికీ అక్కర్లేదు. ఆంధ్రలో బ్యాగు, బూట్లు, నోటుబుక్కులు ప్రభుత్వమే ఇస్తుంది, అక్కడికి మళ్లీ బ్యాగులు పంపకండి.

అనాథాశ్రమంలో పిల్లలతో ఆటలు, కేకు కోయడం అనే ఐదో రకం ప్యాకేజీ కూడా దొరుకుతుంది. దానికి మార్కులు వేయలేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి పిల్లల ఫొటోలు బయటపెట్టడమే నేరం, ఆ ప్యాకేజీ అమ్ముడయ్యేదేమో ఫొటోల కోసం.

బిల్లు దగ్గర హెచ్‌ఆర్‌వాళ్లు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగులు పనిచేసిన గంటలకు విలువ కట్టి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చులో చూపడం కుదరదు, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 వివరణలో ఆ మాట స్పష్టంగా ఉంది. సీఎస్ఆర్ డబ్బుతో ప్రాజెక్టు నడిపే సంస్థకు సీఎస్ఆర్-1 అనే ఫారంతో ఆ శాఖ దగ్గర తీసుకున్న రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ప్రైవేట్ లిమిటెడ్ ఏజెన్సీ అలా ప్రాజెక్టు నడిపే సంస్థగా ఉండటానికి వీల్లేదు. టీషర్టులు, భోజనాలు ఉద్యోగుల సంక్షేమ బడ్జెట్‌లో పెట్టుకుని, సంస్థకు చేరేది వేరే చెక్కుగా ఇవ్వండి. కొటేషన్ అడిగేటప్పుడే బస్సు, భోజనం, టీషర్టు, ఏజెన్సీ ఫీజు, జీఎస్టీ, సంస్థకు చేరే మొత్తం విడివిడిగా రాయమనండి. ఒకే అంకె వేసి పంపితే తిప్పి పంపండి.