అయిదేళ్ళుగా వాడుతున్న బ్రేక్ పైపు ఫ్లేరింగ్ టూలు: పట్టు బాగుంటేనే మూతి బాగుంటుంది

మాది గాజువాక ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. మా దగ్గరికి వచ్చే బళ్ళలో చాలావరకు విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు మోసేవే. చేపల బండి కింద ఒక్కసారి పడుకుని చూస్తే నేను ఈ పనిముట్టు ఎందుకు కొన్నానో అర్థమవుతుంది. ఐసు కరిగిన నీళ్ళు, చేపల ఉప్పునీళ్ళు కలిసి రాత్రంతా పలకల సందుల్లోంచి ఛాసిస్ మీదకి కారుతూనే ఉంటాయి. వెనక యాక్సిల్‌కి వెళ్ళే బ్రేక్ పైపుని క్లిప్పు పట్టుకున్న చోట ఆ తడి ఆరదు. ముందు పైపూత ఊడుతుంది, తర్వాత ఇనుము పొలుసులుగా లేస్తుంది. గోటితో గీస్తే పొలుసు రాలి కింద నూనె తడి తగులుతుంది. అప్పటికే బ్రేక్ ఆయిలు చెమరుస్తోందన్నమాట.

ఇలాంటి పైపు మార్చాలంటే కంపెనీ పైపు ప్రతిసారీ దొరకదు. పాత మోడళ్ళకి అసలే రాదు. అందుకని పైపు చుట్ట కొనుక్కుని, కొలత ప్రకారం కోసి, నట్లు ఎక్కించి, రెండు చివరలా మూతి మనమే మడవాలి. ఆ మూతి మడవడాన్నే ఫ్లేర్ కొట్టడం అంటాం. నేను రాస్తున్నది బల్ల మీది వైసుకి బిగించి వాడే టరెట్ రకం, అంటే తిరిగే చక్రం ఉన్న ఫ్లేరింగ్ టూలు గురించి. అయిదేళ్ళయింది కొని. వారానికి రెండు మూడు పైపులైనా దీని మీద తయారవుతాయి.

దీనికి ముందు ఏడేళ్ళపాటు బార్ సెట్టే వాడాను. రెండు ఇనప పట్టీలు, వాటి మధ్య సైజుకో కన్నం, బిగించడానికి రెక్కల నట్లు, పైన స్క్రూ ఉన్న యోక్ అనే చట్రం, ముఖ్యంగా అందులో ఉండేవి ఇవే. హార్డ్‌వేర్ షాపులో ఫ్లేరింగ్ టూలు కావాలంటే చాలాచోట్ల ఏసీ మెకానిక్కులు వాడేది చేతిలో పెడతారు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ అది బ్రేకులకి పనికిరాదు. ఏసీ రాగి గొట్టం మెత్తన, మూతి ఒక్క పొరగా విప్పితే చాలు. బ్రేక్ పైపు ఇనుము, గోడ మందం ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని ఒంటి పొరగా విప్పితే అంచు చీలుతుంది. పెడల్ గట్టిగా తొక్కితే లైనులో ప్రెషర్ వంద బార్ల దాకా లేస్తుంది. కారు టైరులో ఉండే గాలి రెండు బార్ల చిల్లర, అంతే. అందుకే మూతిని ముందు ఉబ్బించి, ఆ ఉబ్బుని లోపలికి మడిచి, రెండు పొరల గరాటుగా చేస్తారు. అదే డబుల్ ఫ్లేర్.

బార్ సెట్టుతో నాకున్న బాధంతా పట్టు గురించే. రెక్కల నట్లు చేత్తో ఎంత బిగించినా, పైన స్క్రూ తిప్పుతుంటే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది. అర మిల్లీమీటరు జారినా చాలు, ఉబ్బు చిన్నదైపోయి గరాటు ఒక పక్కకి ఒరుగుతుంది. జారకూడదని పట్టకారుతో రెక్కలు బిగిస్తే పట్టీల అంచులు పైపుని కొరికి గాట్లు పెడతాయి. రేపు తుప్పు మొదలయ్యేది ఆ గాట్ల దగ్గరే.

ఒకసారి ఒక మినీ ట్రక్కుకి అలా చేసిన పైపే వేశాను. ఎయిర్ తీశాను, అంటే లైనులో చిక్కిన గాలి బయటికి పంపాను, పెడల్ గట్టిగానే నిలబడింది, పంపించేశాను. మూడో రోజు పొద్దున్నే డ్రైవరు వచ్చి, "మేస్త్రీ, పెడల్ కొంచెం కొంచెం కిందకి దిగిపోతోంది, డబ్బాలో ఆయిలు కూడా తగ్గింది" అన్నాడు. నట్టు విప్పి చూస్తే గరాటు ఒక వైపు వెడల్పుగా, ఇంకో వైపు సన్నగా ఉంది. సన్నగా ఉన్న వైపు సీటు అచ్చు, అంటే గరాటు ఆనుకుని కూర్చునే చోటి గుర్తు, పడనే లేదు. మూడు రోజులపాటు ఆ బండి లోడుతో హైవే మీద తిరిగింది. డ్రైవరు గమనించబట్టి సరిపోయింది. ఆ ముక్క కోసి షెడ్డులో వైసు పైన మేకుకి కట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది, పని నేర్చుకోవడానికి వచ్చే ప్రతి కుర్రాడికీ ముందు దాన్నే చూపిస్తాను.

ఆ నెలలోనే టరెట్ టూలు తెప్పించాను. నాకు పదహారు వేలు దాటింది. చిన్న షెడ్డుకి అది పెద్ద మొత్తమే. బార్ సెట్టు వెయ్యి లోపు వస్తుంది కదా, ఇంత పెట్టడం ఎందుకని ఇంట్లో కూడా అడిగారు. అయిదేళ్ళ తర్వాత కూడా నా జవాబు మారలేదు, పదిహేను వేల తేడా అంతా ఆ పట్టుకే ఇచ్చాను.

పట్టు ఎలా ఉంటుందో చెబుతాను. సైజుకో డైల జత వస్తుంది. జత అంటే రెండు సగాలు, మధ్యలో పైపు పడుకునే కాలువ, ఆ కాలువ పొడుగునా సన్నటి గరుకు గీతలు. బార్ సెట్టు పైపుని వేలెడు వెడల్పున పట్టుకుంటే, ఇది రెండు అంగుళాల దాకా పొదివి పట్టుకుంటుంది. బలం ఎక్కువ పొడుగు మీద పరుచుకుంటుంది కాబట్టి గాటు పడదు, గీతల అచ్చు లేతగా కనబడుతుంది అంతే. ముందు వైపు తిరిగే చక్రం ఒకటి ఉంటుంది, దాని మీద వరసగా దిమ్మెలు. సున్నా నంబరు దిమ్మె చదును, పైపు ఎంత బయటికి ఉండాలో కొలిచేది అదే. ఒకటో నంబరు ఉబ్బు తెస్తుంది. రెండో నంబరు గరాటు మడుస్తుంది. పొడుగాటి లివరు లాగితే చక్రం ముందుకొచ్చి నొక్కుతుంది. స్క్రూ తిప్పడం లేదు కాబట్టి పైపు మెలి తిరగదు.

అయితే ఎంత మంచి టూలు తెచ్చినా ముందు పని సరిగ్గా చేయకపోతే ఫలితం ఉండదు. పైపుని హాక్సాతో కోయొద్దు. రజను లోపల పడి చివరికి వీల్ సిలిండర్ రబ్బరు మీదకో, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకో చేరుతుంది. చిన్న చక్రం ఉన్న పైపు కట్టర్ వాడాలి. ఒక చుట్టు తిప్పి కొంచెం బిగించడం, మళ్ళీ ఒక చుట్టు, అలా పోవాలి. తొందరపడి బిగిస్తే మూతి లోపలికి నొక్కుకుపోతుంది. కోశాక లోపలి అంచు గీకాలి. బయటి అంచుని ఆకురాయితో చదును చేసి, చిన్న వాలు ఇవ్వాలి. ఇలా చేస్తున్నప్పుడు పైపు మూతి కిందకి వంచి పట్టుకోవాలి, రజను లోపలికి పోకుండా. ఆ తర్వాత గాలి కొట్టాలి. చాలా ఫ్లేర్లు చీలేది ఇక్కడి నిర్లక్ష్యం వల్లే. అంచు మీద వెంట్రుక మందం బర్, అంటే కోసినప్పుడు లేచిన గరుకు, మిగిలినా, మడిచినప్పుడు చీలిక అక్కణ్ణుంచే మొదలవుతుంది.

తర్వాత నట్టు ఎక్కించాలి. రెండో చివర ఫ్లేర్ కొట్టే ముందు రెండు నట్లూ పైపు మీద ఉన్నాయా, మరలు బయటి వైపుకి చూస్తున్నాయా అని ప్రతిసారీ చూసుకుంటాను. మా కుర్రాడికి చెప్పింది ఒకటే, లివరు మీద చెయ్యి వేసే ముందు నట్టు పేరు పైకి అను. ఇప్పుడు వాడు "నట్టు" అని గట్టిగా అనకుండా లివరు ముట్టుకోడు.

నూనె సంగతి నాకు తెలియడానికి చాలా నెలలు పట్టింది. మొదట్లో కొన్నిసార్లు ఇందులో కూడా పైపు జారింది. టూలు మోసం చేసిందనుకున్నాను. చూస్తే తప్పు నా చేతిదే. పైపు మూతికి బ్రేక్ ఆయిలు రాస్తే అది కారి డై కాలువలోకి దిగింది. గరుకు గీతలకి నూనె అంటితే ఇక పట్టు ఎక్కడిది? నూనె మూతి లోపల, దిమ్మె కొన మీద ఒక్క చుక్క చాలు. డైలు, డైలు పట్టే పైపు భాగం మాత్రం పొడిగా ఉండాలి. ఇప్పుడు ప్రతి పైపుకీ ముందు డైలని బ్రేక్ క్లీనర్‌తో తుడుస్తాం. గీతల్లో ఇరుక్కున్న జింకు పొడిని వారానికోసారి ఇత్తడి బ్రష్షుతో దులుపుతాం. అప్పణ్ణుంచి జారడం లేదు.

రెండో నంబరు నొక్కాక పైపు తీసి వెలుతురులో చూస్తాను. గరాటు లోపలి ముఖం అద్దంలా నున్నగా ఉండాలి. అంచు చుట్టూ మందం ఒకేలా ఉండాలి, పైపు కన్నం సరిగ్గా నడిమధ్యకి రావాలి. 4.75 మిల్లీమీటర్ల పైపుకి, అంటే 3/16 అంగుళం దానికి, గరాటు వెడల్పు ఏడు మిల్లీమీటర్ల దగ్గర్లో వస్తుంది. అనుమానమొస్తే భూతద్దం పెట్టి చూస్తాను. నచ్చకపోతే కోసి మళ్ళీ కొడతాను. అందుకే కొలత తీసుకునేటప్పుడు పాత పైపు వెంబడి బైండింగ్ వైరు వంచి, దాన్ని సాపు చేసి, ఆ పొడవుకి కాస్త ఎక్కువే కోస్తాను.

ఏ ఫ్లేరు కొట్టాలో పాత పైపే చెబుతుంది. మారుతీ లాంటి సుజుకీ బళ్ళకి డబుల్ ఫ్లేరు, నట్టు ఎం10, అంటే పది మిల్లీమీటర్ల మర, మర పిచ్ (ఒక మరకీ ఇంకో మరకీ దూరం) 1 మిల్లీమీటరు. పోలో లాంటి యూరప్ బళ్ళకి పుట్టగొడుగు తలలా ఉండే బుడగ ఫ్లేరు, దానికి వేరే డైలు. ఒకదాని సీటులో ఇంకోటి పెట్టి బిగిస్తే ఆ పూటకి ఆగినట్టే ఉంటుంది కానీ సీటు పాడవుతుంది. నట్టు మర కూడా జాగ్రత్త. పాత అంబాసిడర్‌లాంటి వాటికి వాడే 3/8 అంగుళం నట్టు ఎం10 కన్నంలోకి వదులుగా ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. ప్రెషర్ వచ్చినప్పుడు మర ఊడొస్తుంది. నట్టుని వెర్నియర్ కాలిపర్‌తో కొలవకుండా వేయను. ఇంకోటి, దయచేసి మర మీద టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. బ్రేక్ పైపులో ఆయిలుని ఆపేది మర కాదు, ఫ్లేరు సీటు మీద కూర్చోవడం.

పైపు విషయంలో ఏసీ రాగి గొట్టం మాత్రం ఎవరు చెప్పినా వేయను. మెత్తగా వంగుతుంది, ఫ్లేరు అందంగా వస్తుంది, అందుకే చాలామంది ఆశపడతారు. బండి అదురుకి రాగి గట్టిపడిపోయి ఒక రోజు చప్పుడు లేకుండా పగులుతుంది. మామూలుగా పూత ఉన్న ఇనప పైపు, చేపల బళ్ళకి మాత్రం కుప్రో నికెల్ పైపు వేస్తున్నాను. దాదాపు తొంభై వంతులు రాగి, పది వంతులు నికెల్. ఉప్పుకి తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, ఈ టూలు మీద వెన్నలా మడత పడుతుంది. ధర ఎక్కువే. కానీ నాలుగేళ్ళ కిందట వేసిన ఒక హార్బర్ బండి పైపు మొన్న చూశాను, రంగు కాస్త ముదిరింది తప్ప పొలుసు లేవలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపు రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ అంచు చీలింది, ఇక దాని జోలికి పోలేదు.

ఇక లోపాలు. ఇది వైసు వదిలి కదలదు. బండి కింద పైపు ఒక చివరే మార్చాల్సి వస్తే దీనితో కుదరదు, మొత్తం పైపు విప్పి బయటికి తేవాల్సిందే. చివర నుంచి రెండు మూడు అంగుళాలు పైపు తిన్నగా ఉంటేనే డైలలో కూర్చుంటుంది కాబట్టి ముందు ఫ్లేర్ కొట్టి తర్వాతే వంచాలి. కొన్ని బళ్ళకి మాస్టర్ సిలిండర్ దగ్గరే వెంటనే వంపు ఉంటుంది, అక్కడ చేయి చాలా ఇబ్బంది పడుతుంది. డైలు బిగించే బోల్టు మర మూడో ఏడాదికి అరిగింది. గ్రీజు పెట్టకుండా వాడటం నా పొరపాటు, లేతు షాపులో కొత్తది చేయించాను. సముద్రపు గాలికి డైలు తుప్పు పడతాయి. పని అయ్యాక నూనె గుడ్డలో చుట్టి డబ్బాలో పెడతాం, మళ్ళీ వాడే ముందు పూర్తిగా తుడుస్తాం. డైల సగాలని జతలు కలవనివ్వకూడదు. ఒకసారి కలిసిపోతే ఫ్లేరు ఒక పక్కకి పోయింది, అప్పట్నుంచి జతజతకీ పంచ్‌తో చుక్కలు కొట్టాను.

పైపు వేశాక నట్టుని ఒకసారి బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగిస్తాను, ఫ్లేరు సీటు మీద సరిగ్గా సర్దుకుంటుంది. మామూలు స్పానర్ నట్టు మూలలు తినేస్తుంది, ఫ్లేర్ నట్టు స్పానరే వాడాలి. ఎయిర్ తీసి, జాయింట్లన్నీ తుడిచి, ఇంజిను ఆన్‌లో ఉంచి, ఒకరు నిమిషంసేపు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే నేను కింద తెల్ల కాగితం చుట్టి చూస్తాను. కాగితం మీద చుక్క పడితే బండి కదలదు. ఈ టూలు వచ్చాక అలా చుక్క కనబడింది రెండేసార్లు, రెండూ పాత సీటు గీతపడ్డ జాయింట్లే, ఫ్లేరువి కావు.

ఏడాదికి ఒకటో రెండో పైపులు చేసుకునే వాళ్ళకి ఇంత పెట్టమని చెప్పను. వాళ్ళు ఆటోనగర్‌లో ఎవరి దగ్గరైనా చేయించుకోవడమే మేలు, కొట్టిన ఫ్లేరు నట్టు ఎక్కక ముందే ఒకసారి చేతికిమ్మని అడిగి చూడండి. వారానికో పైపు చేసే షెడ్డు అయితే బార్ సెట్టు మీద డబ్బు పెట్టొద్దు. నేను 4.75 డైల జత ఇంకొకటి విడిగా తెప్పించుకున్నాను. మిగతా సైజుల డైలు ఇంకా కొత్తవిగానే ఉన్నాయి, అరిగేదల్లా ఆ ఒక్క జతే.